అల్లుడి వంతు

"అక్కడ నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తిరిగి పడిపోతే నిన్నెవరు పట్టుకుంటారే?" అన్నాను, ఇంకా చెప్పులైనా వేసుకోకముందే. అమ్మాయి సంచిలో సుద్దముక్కల డబ్బా పెట్టుకుంది, కళ్ళజోడు తుడుచుకుంది, తలుపు తీసి నేను దాటేదాకా పట్టుకుని నిలబడింది. నేనూ వస్తానని ముందు రోజే చెప్పేశాను, వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అందుకే ఇప్పుడిలా గణితశాఖ మూడో అంతస్తులో, మెట్లు మెట్లుగా దిగిపోయే ఈ పెద్ద గదిలో, చిట్టచివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను, తను పడిపోతే పరుగెత్తడానికి. పరుగెత్తగలనా అంటే అదీ లేదు, మోకాళ్ళు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి. పట్టుకుంటే ముందు వరసల వాళ్ళే పట్టుకోవాలి, వాళ్ళలో సగం మంది అది పడిపోతే చూద్దామని వచ్చినవాళ్ళేమోనని నా అనుమానం. లేకపోతే మధ్యాహ్నం పూట, ఇంత ఎండలో, ఒక తప్పు గురించి వినడానికి ఇంతమందా? చెవిలో మిషను పెట్టుకున్న ఆ ముందు వరస పెద్దాయనైతే వేరే ఊరి నుంచి రైలెక్కి వచ్చాడు. మా అల్లుడు బతికున్నన్నాళ్ళూ ఆయనతో పోట్లాడుతూనే ఉండేవాడు, లెక్కల మీదే, కాకపోతే ఫోన్లో గొంతులు వింటే పొలం గట్టు మీద తగాదా అనుకునేదాన్ని.

అమ్మాయి అంటున్నాను గానీ యాభై దాటి చాలా కాలమైంది. అయినా వెనక నుంచి చూస్తే నాకు బడికి పోయే పిల్లలాగే ఉంది, కుడిభుజం కాస్త ఎత్తుగా, మెడ ముందుకు వంచి. నల్లబల్ల మీద సుద్ద టకటకమంటోంది. రాసేది ఏమిటో నాకు తెలియదు, ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని, కానీ ఆ చప్పుడు తెలుసు. టకటకా పోతోందంటే తనకు దారి తెలుసన్నమాట, ఆగిందంటే ఆలోచిస్తోందన్నమాట, గీరుమని సాగిందంటే విసుగొచ్చిందన్నమాట. ఇప్పటికి టకటకమంటూనే ఉంది. ఉండనీ. ఎంతసేపు రాస్తే అంతసేపు ఆ మాట బయటికి రాదు. నెత్తిన ఆ ఫ్యాను ఊగుతోంది, సరిగ్గా దాని కిందే నిలబడింది, ఊడి మీద పడుతుందేమో, ఇంత పెద్ద విశ్వవిద్యాలయంలో ఒక ఫ్యాను బిగించే నాథుడు లేడా. పొద్దున రెండు ముద్దలైనా తినలేదు. కంచం ముందు కూర్చుంది, బొటనవేలితో బల్ల మీద రుద్దుతూ, రుద్దుతూ, చల్లారిపోయేదాకా. చిన్నప్పుడూ ఇంతే. పిలిస్తే పలికేది కాదు, చెవుడేమోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, వాళ్ళ నాన్న వద్దంటున్నా చెవుల డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాను. ఆయన ఏవేవో మోగించి చూసి, మీ పిల్లకు చెవులు మనకంటే బాగున్నాయమ్మా, మీరు ముందు అడిగిన మాట దగ్గరే ఇంకా ఆలోచిస్తూ ఉంది, అది తెమిలితే గానీ రెండోది వినదు అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇలాంటి పిల్ల రోడ్డు దాటుతూ లెక్క గుర్తొచ్చి మధ్యలో ఆగిపోతే ఏం గతి అని, బడి విడిచే వేళకు రోజూ సందు మలుపులో కాపలా కాసేదాన్ని. ఇప్పుడు కాస్తున్నది కూడా ఆ కాపలాయే అనుకో, మలుపు మారింది.

ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ అంతస్తులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఈ శాఖకు ఒక ఆడమనిషి వస్తుందని కట్టినవాళ్ళకు తోచలేదు పాపం. మెట్లు దిగి, ఎండలో నడిచి, పక్క భవనానికి పోయేది. అలా పోవడం ఇష్టం లేక మంచినీళ్ళు తాగడం మానేసింది. మూత్రపిండాలు పాడవుతాయే అని నేను ఒకటే గోల పెడితే తాగడం మొదలుపెట్టి, కొన్నాళ్ళకు, అలా పోయి రావడంలోనే లెక్కలు తెగుతున్నాయమ్మా అంది. తీరా ఇక్కడే కట్టించాక, ఇప్పుడిక ఎటు నడవాలి అని అల్లుడి దగ్గర వాపోయిందట. అల్లుడూ ఈ మూడో అంతస్తులో దొరికినవాడే. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు తలంతా నెరిసి ఉంది, దీన్ని లోపలికి పిలిచి ఇంత ముసలాణ్ణి ఎక్కడ పట్టావే అని గొణిగాను. అది సుద్దపొడి. అతనికి వినబడింది, చేతిరుమాలుతో జుట్టు దులుపుకుని, "ఇప్పుడు చూడండి అత్తయ్యా, ఓ పదేళ్ళు తగ్గలేదూ?" అన్నాడు. ఇంకా పెళ్ళి మాటైనా ఎవరూ ఎత్తలేదు, అప్పుడే అత్తయ్యా అని. వట్టి వాగుడుకాయ. నోరు విప్పని దానికి నోరు మూయనివాడు దొరికాడు, ఎన్నాళ్ళు వేగుతారో అని నేను భయపడినన్ని రాత్రులు వాళ్ళిద్దరూ పోట్లాడుకోనైనా లేదు.

పోట్లాట అంతా వంటింట్లోనే, నల్లబల్ల దగ్గర. పొయ్యికి ఎదురుగోడకు ఒకటి, నడవలో ఒకటి కొట్టించుకున్నారు, సుద్దపొడి గిన్నెల్లో పడి కడుపులో రాళ్ళు పుడతాయని నేను మొత్తుకున్నా వినలేదు. వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ఒకళ్ళు రాసింది రెండోవాళ్ళే చెరపాలి, అదీ పూర్తిగా నమ్మకం కుదిరాకే. రాసినవాళ్ళు చెరపకూడదు. చెరిపేశారంటే ఆ మెట్టు గట్టిదే, మీద కాలు పెట్టవచ్చు అని ఒప్పుకున్నట్టు. ఒక్కో వరస వారాల తరబడి పొయ్యి ఎదురుగా మొండికేసి నిలబడేది. నేనా గోడ దగ్గర బూజు కూడా దులిపేదాన్ని కాదు, కొంగు తగిలి ఏ అంకె ఊడిపోతుందో, దాంతో ఎవరి ఉద్యోగం ఊడిపోతుందో అని. అతను చారు గిన్నె మూత తీసి వాసన చూస్తూ, చెరపవేం అనేవాడు. నాకింకా కుదరలేదు అనేది ఇది. "మొగుడి మీద నమ్మకం లేదా?" "మొగుడి మీద ఉంది. నాలుగో వరస మీద లేదు." అలా ఉండేది వాళ్ళ కాపురం. పిల్లల సంగతి ఎప్పుడు ఆలోచిస్తారర్రా అని ఒకసారి ధైర్యం చేసి అడిగితే అతను సుద్దముక్కతో గోడ చూపించి, మీ మనవడు ఇక్కడే ఉన్నాడుగా అత్తయ్యా, ఇంకా నడక రాలేదంతే అన్నాడు. నేను కోపం తెచ్చుకుని రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత్తర్వాత నాకే అలవాటైపోయింది, ఏం బాబూ, మీవాడు నాలుగడుగులు వేశాడా అని అడిగేదాన్ని. వేశాడత్తయ్యా, మళ్ళీ పడ్డాడు అనేవాడు.

వాళ్ళు రుజువు చేస్తున్నదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా అతనే. మేడ మీద ఆరిన దుప్పటి మడతపెడుతున్నాను, చెరో అంచూ పట్టుకున్నాం. ఇదిగో అత్తయ్యా, ఈ దుప్పటి మీరు ఒక పద్ధతిలో మడిచారు, అంచులు కలిశాయి. దీనికంటే పెద్దదైనా కలుస్తాయి. ఈ మేడంత దుప్పటి అయితే? ఊరంత దుప్పటి అయితే? ఎవరూ మడిచి చూడలేనంత పెద్దదైనా కలిసే తీరతాయని మడవకుండానే చెప్పగలమా, అదీ మా గొడవ అన్నాడు. చెప్పి ఎవరికి ఉపయోగం అంటే, ఎవరికీ లేదు, అందుకే ఇంత బాగుంది అన్నాడు. ఇక్కడ సుద్ద చప్పుడు ఆగింది. ఎందుకు ఆగింది? లేదు, ముక్క విరిగింది, డబ్బాలోంచి ఇంకోటి తీసుకుంది. హమ్మయ్య. ఈ గదిలోని రెండో బల్ల కూడా సగం నిండింది, ఇంకెంతో లేదు.

మనవడికి నడక వచ్చేసరికి అతనికి జబ్బు వచ్చింది. సుద్దపొడి వల్లేనా అని డాక్టరును అడిగాను, కాదమ్మా, కాలేయం అన్నాడు, సుద్దకూ దానికీ సంబంధం లేదన్నాడు, అయినా నాకు చాలా రోజులు ఆ డబ్బా చూస్తే ఒళ్ళు మండేది. ఆసుపత్రి గదిలో నల్లబల్ల లేదు. గోడ మీద రాయనివ్వరు. పెన్ను పట్టుకుంటే చేయి వణికేది. అందుకని నోటితోనే చెప్పేవాడు, కళ్ళు మూసుకుని, ఒక్కో మాటా ఊపిరి కూడదీసుకుంటూ, ఇది మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని వినేది. ఆ మనిషి నోటికి ఆ ఆయాసం చూడలేక నేను వేణ్ణీళ్ళ వంకతో బయటికి పోయి, వరండాలో నిలబడి, పోనీ ఈ లెక్కలు ఆపితే ఇంకో నెల ఉంటాడేమో అనుకునేదాన్ని. ఆపమని చెప్పే ధైర్యం లేకపోయింది. చివరి మెట్లన్నీ ఆ గదిలోనే కట్టారు. అయిపోయింది అత్తయ్యా, మీవాడు లేచి నడుస్తున్నాడు అని గుసగుసగా చెప్పిన వారానికే పోయాడు. తర్వాత అచ్చయింది, రెండు పేర్లతో. ఆ సిద్ధాంతాన్ని ఇప్పటికీ ఆ రెండు పేర్లూ కలిపే పిలుస్తారట, ఎక్కడెక్కడో, మేం ఎరగని ఊళ్ళల్లో, మాకు తెలియని భాషల్లో. దాంతోనే ఇది ప్రొఫెసరైంది, సన్మానాలు చేశారు, విమానం ఎక్కించారు. విమానం ఎక్కిన ప్రతిసారీ నేను నేల మీద చాప పరుచుకుని, దిగినట్టు ఫోను వచ్చేదాకా లేవలేదు. సన్మానాలు చేయించుకుని వచ్చిన రోజున కూడా వంటింట్లో నల్లబల్ల దగ్గర స్టూలు వేసుకుని, ఖాళీ బల్ల వైపు చూస్తూ కూర్చునేది. నేను దీపం వేయకుండా వెళ్ళిపోయేదాన్ని.

అదిగో, దగ్గింది. ఎడమచేతి వైపు మూడో వరసలో, మెడకు గుడ్డ చుట్టుకున్న పిల్ల. నేను దగ్గులమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. వేరే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట, వీళ్ళ సిద్ధాంతం మీద ఇంకేదో కట్టబోయి, కింద ఒక మెట్టు కదులుతోందని కనిపెట్టింది. ముందు నాకే దొరికింది ఫోన్లో. అమ్మగారూ, మేడమ్ గారిని పిలుస్తారా అంటూ ఒకటే దగ్గు, దగ్గు మధ్యలో ఏడుపు. ఎవరో పోయారనుకున్నాను. ఫోను ఇచ్చి అక్కడే నిలబడ్డాను, ఇది వింది, వింది, ఊఁ అంది, ఏ పేజీ అంది, తర్వాత చాలాసేపటికి, ఏడవకమ్మా, నువ్వు చేసింది మంచి పని అంది. ఆ రోజు నుంచి మాటలు తగ్గిపోయాయి. ఏమైందే, మీరు చెప్పింది అబద్ధమా అని అడిగితే, "అబద్ధమని కాదమ్మా. నిజమో కాదో తెలియదు. ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాం" అంది. అంతేనా అన్నాను ప్రాణం లేచివచ్చి. అంతే అంది. ఆ అంతే అన్న తీరు నాకు నచ్చలేదు. బాగు చేయలేవా అంటే, చేస్తున్నానుగా అంది. రాత్రనక పగలనక చేసింది, నడవలో బల్ల, వంటింట్లో బల్ల, రాయడం, తనే చెరుపుకోవడం. రాసినవాళ్ళు చెరపకూడదు కదే అనబోయి మింగేశాను. చెరపడానికి ఇంకెవరున్నారు.

ఆ రోజుల్లో నాకు రాని ఆలోచన లేదు. కత్తెరలు దాచేశాను. నిద్రమాత్రల సీసా నా దిండు కిందికి వచ్చింది. స్నానాలగది గడియ తుప్పు పట్టిందని చెప్పి వడ్రంగిని పిలిపించి ఊడబీకించాను. తుప్పూ లేదు గిప్పూ లేదు, ఆ వడ్రంగి గడియ చేతిలో పట్టుకుని, ఇది నాకంటే గట్టిగా ఉందమ్మా అన్నాడు. అమ్మాయి వచ్చి ఆ నాలుగు మేకుల బెజ్జాలూ చూసింది. నా వైపు చూసింది. మర్నాటి నుంచి స్నానం చేసినంతసేపూ మగ్గు బకెట్టుకేసి కొడుతూ చప్పుడు చేస్తూ ఉండేది, నాకు వినబడాలని. నేను తలుపు బయట గోడకు చేరబడి ఆ చప్పుడు వింటూ నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని.

అప్పుడు వచ్చాడు సర్దుబాటు సారు. ఇప్పుడు ఈ శాఖకు పెద్ద అతనే, అదిగో కుడివైపు అంచున కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు, ఏ తగాదా అయినా ఇట్టే సర్దేస్తాడని అల్లుడు ఆ పేరు పెట్టాడు. మంచివాడే. చెప్పులు బయట విడిచి, కాఫీ తాగి, మెల్లగా మొదలుపెట్టాడు. కొత్తగా కడుతున్న పరిశోధనా సంస్థకు మేడమే పెద్దగా ఉండాలని అందరి కోరిక, కాగితాలు పైకి వెళ్ళాయి, సరిగ్గా ఇప్పుడే ఈ గొడవ. మేడమ్ దగ్గర ముగ్గురు పిల్లలు పరిశోధన చేస్తున్నారు, వాళ్ళూ దీని మీదే ఆధారపడ్డారు, మేడమ్ నిలబడితే వాళ్ళనింకో దారిలో నిలబెట్టగలరు, మేడమే కూలిపోతే వాళ్ళెటు పోతారు. "ఆ వంతు సారుది అని ఒక్కమాట చెబితే చాలు అమ్మగారూ. ఆసుపత్రిలో, ఆ జబ్బులో చెప్పింది, ఎవరూ తప్పుపట్టరు. ఆయనకిప్పుడు కొత్తగా పోయేదేమీ లేదు." ఇది గోడకేసి చూస్తూ కూర్చుంది. అతను వెళ్ళాక నేను పట్టుకున్నాను. అబద్ధం ఆడమన్నానా? ఆసుపత్రిలో ఆ మెట్టు చెప్పింది అతనే కదా, నేను ఎరగనా? నిజమే చెప్పవే. నిజంగా అతని నోటి నుంచి వచ్చిందే కదా. ఇవాళ పొద్దున కూడా, కంచం ముందు, బతిమాలాను. అల్లుడే ఇక్కడ ఉంటే తనే చెప్పేవాడు, అత్తయ్యా, నా మీదికి తోసెయ్యమనండి, నాకేం బరువు అని నవ్వేవాడు, అవునా కాదా చెప్పు అన్నాను. బొటనవేలు బల్ల మీద ఆగింది. నేనలా అన్నది అతనికి లోటు చేయాలని కాదు, దేవుడి సాక్షిగా, కన్నకొడుకుంటే ఇంతకంటే ప్రేమగా చూసేవాడు కాదు. కానీ పోయినవాణ్ణి నేనెట్లా కాపాడను? ఉన్నదాన్నైనా ఉండనివ్వాలి కదా. తల్లిని, నాకు ఇంతకంటే తోచదు.

చప్పుడు ఆగిపోయింది. ఈసారి ముక్క విరగలేదు. రెండో బల్ల చివర ఒక వరస రాసి, దాని చుట్టూ గీత గీసి, ఇటు తిరిగింది. ఎంత చిన్నదైపోయింది ముఖం. ఇక్కడి నుంచి ఆ తర్వాతి వరస రాదు అంది, గొంతు స్థిరంగానే ఉంది. వస్తుందని మేం రాశాం. ఈ కొద్ది నెలల్లో నాకు చేతనైనన్ని విధాల ప్రయత్నించాను, రాలేదు. దీని మీద ఆధారపడినవాళ్ళు ఇకమీదట ఆధారపడవద్దు. దగ్గులమ్మాయి పేరు చెప్పి, కనిపెట్టింది ఈమే, కృతజ్ఞతలు అంది. ఆ పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ లేవలేదు, ఎవరైనా లేచి ఇంక పదండి అంటే బాగుండును, అయిపోయింది కదా, పడిపోలేదు, నిలబడే చెప్పింది, ఇంటికి తీసుకుపోయి నాలుగు ముద్దలు తినిపిస్తాను. సర్దుబాటు సారు కుర్చీలో ముందుకు జరిగాడు. అంతలో ముందు వరస పెద్దాయన చెవి మిషను సరిచేసుకుంటూ చేయి ఎత్తాడు.

"ఒక్కటే అడుగుతానమ్మా, ఏమీ అనుకోకు. మీ ఇద్దరి పద్ధతీ నాకు తెలుసు. ఒకరు రాసింది ఇంకొకరు ఒప్పుకుంటే గానీ మీ ఇంట్లో ఏదీ ముందుకు కదలదు. మరి ఈ మెట్టు ఎవరిది?"

చెప్పవే. కిటికీ అద్దం అవతల ఎవరో సైకిలు తాళం వేస్తున్నారు, ఆ కటక్కుమనే చప్పుడు ఇంత దూరం వినబడింది. ఆ పెద్దాయన చేయి దించి ఎదురుచూస్తున్నాడు, ఆయన కళ్ళల్లో ఎగతాళి లేదు, నీళ్ళున్నాయేమో కూడా, నా చూపు అంత దూరం ఆనదు. మీ ఆయనదని చెప్పు. అడిగారు కనక చెప్పావు, నీ అంతట నువ్వు చెప్పలేదు, నిన్నెవరూ ఏమీ అనరు. ఫ్యాను ఊగుతోంది. ఎవరో కాళ్ళు కదిపారు, బెంచీ కిర్రుమంది. దాని దగ్గర పరిశోధన చేసే ముగ్గురు పిల్లలు ఒకే వరసలో కూర్చున్నారు, వాళ్ళలో ఒకడికి కొత్తగా పెళ్ళయింది, భార్యను కూడా తీసుకొచ్చాడు, ఆ అమ్మాయి ఏమీ అర్థం కాక మొగుడి ముఖంలోకి చూస్తోంది, నాలాగే. నువ్వు చెబితే వాళ్ళకూ ఒక దారి. చిన్నప్పుడు ఇలాగే నిలబడేది, పిలిచినా పలకకుండా, నేను భుజాలు పట్టుకుని కుదిపేసేదాన్ని, ఇప్పుడు ఇన్ని మెట్లు దిగి ఎలా పోను, పోయి ఏమని కుదపను. చెవుల డాక్టరు ఏమన్నాడు, ముందు అడిగింది తెమలాలి అన్నాడు, ఏది తెమలాలి, ఎవరు ఏం అడిగారు దీన్ని. ఆ గదిలో నేను వేణ్ణీళ్ళకు పోయినప్పుడు వీళ్ళిద్దరి మధ్యా ఏం జరిగిందో నాకేం తెలుసు. చేయి బల్లకు ఆనించింది. పడిపోతుందా? నేను లేచి నిలబడ్డాను, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. నా వైపు చూడలేదు. ఆ పెద్దాయన వైపు చూసింది.

"ఆయన చెప్పారు" అంది.

కూర్చుండిపోయాను. కడుపులోంచి ఊపిరి వచ్చింది, అల్లుడి ముఖం కళ్ళ ముందు మెదిలినా సరే, వచ్చింది. సర్దుబాటు సారు వెనక్కి చేరబడ్డాడు. అక్కడితో ఊరుకుంటుందనుకున్నాను. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది, ఎదురుగా ఎవరూ కనబడకూడదన్నట్టు.

"రెండుసార్లు చెప్పారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే ఆయాసపడతారని, అర్థమైందని తలూపాను. నేను ఒప్పుకున్నాననే ఆయన ముందుకు వెళ్ళారు."